ఆమేన్‌కి ముందు

పెద్దాయన ప్రార్థన మొదలుపెట్టారు, నేను కళ్ళు మూసుకున్నాను. మూసుకున్నానన్న మాటే గానీ రెప్పల వెనక ఆ కాగితం అలాగే ఉంది, బల్ల మధ్యలో, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా మీద నీళ్ళ గ్లాసుతో, పైన కుడి మూల పోయినేడాది తేదీతో. నిన్న టైపు చేయించిన కాగితానికి పోయినేడాది తేదీ. కింద సంతకాలకి అయిదు గీతలు, అన్నిటికన్నా కింది గీత పక్కన "సభ్యురాలు" అని ఉంది, ఆ సభ్యురాల్ని నేనే. ప్రార్థన అయ్యాక అందరం ఆమేన్ అంటాం, ఆమేన్ అన్నాక పెన్ను చేతులు మారుతుంది, ముందు పెద్దాయన, తరవాత లెక్కలు చూసే టైర్లాయన, తరవాత కార్యదర్శి నర్సమ్మ, తరవాత పియానో తాత, ఆఖరికి నేను. అంటే ఈయన దేవుడితో ఎంతసేపు మాట్లాడితే అంతసేపే నాకు గడువు. పెద్దాయన ప్రార్థన ఎప్పుడవుతుందా అని ఇన్నేళ్ళూ కాళ్ళు మార్చుకుంటూ కూర్చున్నదాన్ని, ఇవాళ మాత్రం ప్రభువా, ఈయన్ని తొందరపెట్టకు అని అడుగుతున్నాను.

ఆయన ప్రార్థన బస్సు రూటులాంటిది, స్టాపులు మారవు. ముందు కృతజ్ఞతలు, తరవాత రోగులు, తరవాత ప్రయాణాల్లో ఉన్నవాళ్ళు, తరవాత సముద్రం మీద ఉన్నవాళ్ళు. మా సంఘంలో సముద్రం చూసినవాళ్ళే ఇద్దరో ముగ్గురో, అయినా ఆయన ఏనాడూ ఓడల్ని మరిచిపోలేదు. తరవాత పరిపాలించేవాళ్ళు. అదీ దాటితే గానీ అసలు సంగతి రాదు. ఆయన ప్రార్థన ఉన్న రోజు పొయ్యి మీద ఏదీ పెట్టి రాకూడదని మా ఆడవాళ్ళందరికీ తెలుసు. ఇప్పుడింకా కృతజ్ఞతల దగ్గరే ఉన్నారు, ఈ గాలికీ ఈ వెలుతురుకీ మా తల మీది ఈ కప్పుకీ వందనాలు తండ్రీ అంటున్నారు, మందిరం వెనకున్న ఈ కమిటీ గది కప్పు వానొస్తే రెండు చోట్ల కారుతుంది, దాని కింద పెట్టిన బకెట్టు కూడా వందనాల్లోకే వస్తుంది కాబోలు. నా కుడి పక్క టైర్లాయన ఊపిరి, ఎంత సబ్బు పెట్టినా పోని రబ్బరు వాసన. ఎడమ పక్క పియానో తాత అప్పుడే నిద్రలోకి జారిపోయినట్టున్నాడు, ముక్కులోంచి సన్నగా పాటలాంటి చప్పుడు. ఎదురుగా నర్సమ్మ కుర్చీ కిర్రుమంటోంది. డ్యూటీ నించి తిన్నగా వచ్చింది, కాళ్ళు నొప్పులేమో, లేకపోతే ఆమెకీ కూర్చోబుద్ధి కావడం లేదేమో. కళ్ళు తెరిచి చూడాలనిపించింది. ప్రార్థనలో కళ్ళు తెరిచినవాళ్ళని దేవుడేమీ అనడు గానీ పెద్దాయనకి తెలిసిపోతుంది, ఎలా తెలుస్తుందో నాకీనాటికీ అంతు పట్టలేదు.

ఈ బల్ల చుట్టూనే, ఈ కుర్చీల్లోనే, పోయినేడాది వానలకి ముందు కూర్చున్నాం. పాస్టర్లు ఉండే పాత ఇంటి గోడ పగిలి మనిషి ఉండే వీలు లేకుండా పోయింది, ఆ మనిషి మా అమ్మాయి, ఈ సంఘానికి పాస్టరు, ఒక్కతే ఉంటుంది. గోడ పగిలిందని తెలిసిన రాత్రే నేను ఆ ఇల్లు మూడుసార్లు కూలడం చూశాను, మూడుసార్లూ మంచం వైపే కూలింది. అద్దె ఇల్లు చూద్దామన్నారు. పెద్దాయన ఎక్కడో విన్నారు, పాస్టరు జీతంలో కొంత భాగం ఇంటి కోసమని కమిటీ ముందే విడదీసి ఇస్తే ఆ భాగం మీద పన్ను పడదట. అందరూ మంచిదే కదా అన్నారు. ఆయన ప్రార్థన చేశారు, ఆమేన్ అన్నాం, పియానో తాత ఎప్పట్లాగే అందరి తరవాత ఒక్కడే ఆమేన్ అన్నాడు, నేను లేచి టీ పెట్టాను. అంతే. నర్సమ్మ పెన్ను మూత పెట్టేసింది. ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. రాయాలని తట్టను కూడా తట్టలేదు. మా దగ్గర ఆమేన్ తరవాత ఇంకో మాట ఉండదు. మందిరంలో పియానో అలాగే కొన్నాం, గోడలకి రంగు అలాగే వేశాం, వెనక గేటు అలాగే మార్చాం, అంతెందుకు, మా అమ్మాయిని పాస్టరుగా పెట్టుకున్నదీ అలాగే. దేవుడి ముందు ఆమేన్ అన్నాక మళ్ళీ దాన్ని కాగితం మీద పెట్టడమంటే దేవుణ్ణి రసీదు అడిగినట్టుండేది మాకు.

రసీదు పన్నుల ఆఫీసు అడిగింది. పాస్టరు ఇంటి భాగాన్ని కమిటీ ముందుగా నిర్ణయించినట్టు తీర్మానం కాపీ పంపండి అని.

"ఆసుపత్రుల్లో ఉన్నవారిని నీ చేతుల్లో పెడుతున్నాం." రోగుల దగ్గరికి వచ్చారు. పేరుపేరునా చెప్తారు, వార్డుతో సహా. మా అమ్మాయి ఇప్పుడు ఆ వార్డుల్లోనే ఏదో ఒక మంచం పక్కన కూర్చుని ఉంటుంది, తన జీతం మాట వచ్చే మీటింగు కాబట్టి తను రాదు. పొద్దున ఫోన్ చేసింది. అమ్మా, పెద్దాయన ఫోన్ చేసి, కాగితాలు మేం చూసుకుంటాం, నువ్వు నీ ప్రసంగం చూసుకో అన్నారు, ఏం కాగితాలే అని అడిగింది. ఏమో అమ్మడూ అన్నాను. నీ గొంతేంటి అలా ఉంది, మళ్ళీ నా ఇంటి మీద ఏ విమానం పడేసుకున్నావు అంది. నవ్వాను. ఇల్లంటే ఆ అద్దె ఇల్లే, తాళాలు బాగుచేసే కొట్టు మీద రెండు గదులు. కింద కూర్చునేవాడికి ఊళ్ళో ఏ తాళమైనా తీయడం వచ్చు, అలాంటివాడి నెత్తి మీద ఆడపిల్ల ఒక్కతీ ఎలా ఉంటుందని నేను గుమ్మానికి లోపల అడ్డ గడియ వేయించాను. ఆ గడియ బిగించింది కూడా అతనే. ఈ కథ మా అమ్మాయి ఆదివారం ప్రసంగంలో చెప్పేసింది. సంఘమంతా నవ్వారు, నన్ను చూసి మరీ నవ్వారు, నేను కూడా నవ్వాను గానీ ఇంటికి వెళ్ళాక ఆలోచించాను, గడియ ఎలా ఉంటుందో ఇప్పుడు ఊరందరికీ తెలిసింది కదా అని.

మా ఆయన ఉన్నప్పుడు అనేవారు, నీ భయాలకి జీతమిచ్చేవాళ్ళుంటే ఈపాటికి మనం మేడ కట్టేవాళ్ళం అని. చిన్నప్పుడు పిల్లకి నిద్రలో నడిచే అలవాటుండేది. నేను రాత్రిపూట కుట్టుమిషను దారం తీసి ఒక కొస దాని కాలికీ ఒక కొస నా మణికట్టుకీ కట్టుకుని పడుకునేదాన్ని. ఎన్ని రాత్రులో. కదిలితే నాకు మెలకువ వచ్చేది, కదలకపోతే ఎందుకు కదల్లేదని మెలకువ వచ్చేది. ఒకరోజు తెల్లవారి చూస్తే దారం కొస నా చేతికి లేదు, కుర్చీ కాలికి ఉంది. పిల్లే విప్పి కట్టింది. ఎందుకే అంటే, నువ్వు నిద్రపోతావని, కుర్చీకి భయం లేదు కదా అంది. అప్పటికి దాని పాలపళ్ళు కూడా ఊడలేదు. ఆ మాట చెప్పి మా ఆయన ఎంతమందిని నవ్వించారో.

ప్రయాణాల్లో ఉన్నవారు. ఇది చిన్న స్టాపు, తొందరగా దాటేస్తారు.

పెద్దాయన చెడ్డమనిషి కాదు. అదే కదా నా ప్రాణానికి వచ్చింది. చెడ్డమనిషైతే ఈపాటికి లేచి వెళ్ళిపోయేదాన్ని. ఆడమనిషి పాస్టరేమిటని సంఘంలో సగం మంది మొహాలు తిప్పుకున్న రోజున, ముప్పై ఏళ్ళు బడి నడిపినవాడిని, మగపిల్లలకి ఎంత తెలుసో ఆడపిల్లలకి ఎంత తెలుసో నాకు తెలుసు అని నిలబడ్డారు. ఆయన లేకపోతే మా అమ్మాయికి ఆ వేదిక లేదు. అంతకుముందు పాస్టరు తాటిచెట్టంత మనిషి, ఆరాధనలో వేసుకునే ఆయన పాస్టరు గౌనే మందిరానికి ఉన్నది, నేనే దాన్ని అమ్మాయికి సరిపోయేలా కుట్టాను. బతుకంతా బట్టలు సరిచేయడమే నా పని, వదులువి బిగించడం, పొడుగువి కురచ చేయడం. ఆ గౌను మాత్రం కత్తిరించలేదు. జానెడు మేర లోపలికి మడిచి కుట్టాను, ఎందుకంటే రేపు దీన్ని తీసేసి ఇంకో పొడుగాయన్ని తెచ్చుకుంటే విప్పుకుంటారు కదా అని. పెద్దాయన ఆ మడత చేత్తో తడిమి చూసి, కత్తిరించెయ్యి చెల్లెమ్మా, ఈ పిల్ల ఎక్కడికీ పోదు అన్నారు. ఆ మనిషి చేసిచ్చిన కాగితం ఇది. పోయిన వారం నన్ను వాకిట్లో ఆపి చెప్పారు కూడా, ఇందులో అబద్ధమేముంది చెల్లెమ్మా, ఆ రోజు మనం అనుకున్న మాటే కదా, అనుకున్నదే రాస్తున్నాం, కాస్త ఆలస్యంగా రాస్తున్నాం, అంతే, పాస్టరమ్మకి చెప్పకు, ఊరికే మనసు పాడు చేసుకుంటుంది, అని. సరేనండి అన్నాను. ఆయన ముందు నా నోటికి వచ్చే మాట అదొక్కటే.

అనుకున్న మాటే. నిజమే కదా. ఇంటి భాగం అనుకున్నాం, ఆమేన్ అన్నాం, నేను సాక్షిని. రెండు రోజులు మిషను తొక్కుతూ అదే చెప్పుకున్నాను. అబద్ధం మాటలో లేదు, తేదీలో ఉంది. తేదీ ఎంత ఉంటుంది, చిటికెన వేలి గోరంత.

పన్నుల లెక్కలు చూసే మేడమ్ ఒకావిడ ఆ గోరంత దాన్నే పట్టుకుని గంట మాట్లాడింది. నాలుగైదు సంఘాలవాళ్ళు కలిసి ఆమెని పిలిపించుకున్నారు, పాస్టర్లకీ కమిటీలకీ పన్నుల సంగతులు చెప్పడానికి, పెద్ద మందిరం హాల్లో. మా వాళ్ళలో ఎవరికీ కుదరలేదు, పెద్దాయనకి జలుబు, టైర్లాయనకి సరుకు దిగే రోజు, నర్సమ్మకి డ్యూటీ, పియానో తాతకి వినపడదు. నేను టీలు అందించడానికి వెళ్ళాను. సగం నాకు అర్థం కాలేదు. అర్థమైనవి చెప్పాలంటే, పైకప్పు కోసమని ఇచ్చిన కానుక పైకప్పుకే పెట్టాలి, కరెంటు బిల్లుకి పెట్టకూడదు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర పాస్టరుకి చెయ్యి కలుపుతూ అరచేతిలో పెట్టే డబ్బు ఉందే, అది కూడా పాస్టరు రాబడి కిందికే వస్తుంది. ఆ మాటన్నప్పుడు ముందు వరసలో కూర్చున్న పాస్టర్లందరూ చేతులు ఒళ్ళోకి లాక్కున్నారు, ఎవరో దగ్గారు, నేను ట్రే పట్టుకుని నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాను. ఇంకోటి, పాస్టరు ఇంటివాళ్ళెవరైనా కమిటీలో ఉంటే పాస్టరు జీతం మాట వచ్చినప్పుడు లేచి బయటికి వెళ్ళిపోవాలి, వెళ్ళినట్టు కూడా రాయాలి. అప్పుడు ట్రే పక్కనున్న బల్ల మీద పెట్టేశాను. నేను ఒక్కసారైనా బయటికి వెళ్ళానా. అమ్మాయి వచ్చిన కొత్తలో కమిటీ మానేస్తానండి అంటే, నువ్వు మానేస్తే టీ ఎవరు పెడతారమ్మా అని పెద్దాయన నవ్వితే అందరూ నవ్వారు, అక్కడితో ఆ మాట అయిపోయింది.

ఇంటి భాగం మాట వచ్చింది. ముందు రాయాలి, నెలలు గడిచిపోయాక రాస్తే ఆ నెలలకి చెల్లదు, అంది. అది మాత్రం నాకు సూటిగా తగిలింది, కత్తెర పెట్టకముందే లోపల మడతకి గుడ్డ వదలాలి, కత్తిరించాక ఎంత ఏడ్చినా గుడ్డ రాదు. టీ దగ్గర అందరూ వెళ్ళేదాకా ఆగి ఆమె పక్కకి చేరాను. మేడమ్, మాకు తెలిసినవాళ్ళు ఒకరున్నారండి, అని మొదలుపెట్టాను. ఆవిడ బిస్కెట్టు టీలో ముంచుతూ, తెలిసినవాళ్ళకి ఏమైందమ్మా అంది, తెలిసినవాళ్ళెవరో తెలిసిపోయినట్టే.

"రాయడం మరిచిపోయారండి. ఇప్పుడు రాసుకుంటే?"

"ఇవాళ్టి తేదీతో రాసుకోమనండి. ఇక ముందు నెలలకి పనికొస్తుంది."

"అయిపోయిన నెలలకి?"

"అయిపోయిన వాటికి పన్ను కట్టుకోవాలి. మరిచిపోయాం అని ఒప్పుకుని, సరిచేసిన లెక్క ఇస్తే సరిపోతుంది. ఒక్కసారి కట్టలేకపోతే వాయిదాలు అడగచ్చు, ఇస్తారు."

"పాత తేదీ వేస్తేనండి?"

ఆవిడ బిస్కెట్టు టీలోనే వదిలేసింది. "అమ్మా, రాయకపోవడం పొరపాటు. తేదీ మార్చడం నేరం. పొరపాట్ల దగ్గరికి నేను వస్తాను, మాట్లాడతాను. రెండో దాని దగ్గరికి నేను రాలేను, వకీలు రావాలి."

ఆ మాటే మర్నాడు పెద్దాయనకి చెప్పాను. ఆవిడ పెద్ద పెద్ద సంఘాల సంగతి చెప్పింది చెల్లెమ్మా, మనది చిన్న కుటుంబం, అన్నారు.

ఓడలు వచ్చేశాయి. "అలల మీద ప్రయాణించువారికి నీవే దిక్కు." ఇక పరిపాలించేవాళ్ళే, ఆ తరవాత మేమే.

సంతకం పెడితే ఏమవుతుంది. పెడితే ఈ కాగితం పన్నుల ఆఫీసుకి పోతుంది, అక్కడ కళ్ళద్దాల మనిషి ఒకరు ఎత్తి పట్టుకుని చూస్తారు, కాగితం కొత్తగా ఉందే అంటారు, టైపు చేసిన కొట్టుకి వెళ్తారు, ఆ కొట్టువాడు నిన్న మొన్నటి పనే కదండీ అంటాడు, ఆ తరవాత ఆదివారం ప్రసంగం మధ్యలో వెనక తలుపు తెరుచుకుంటుంది. నాకు ఆ తలుపు చప్పుడు కూడా వినిపిస్తోంది, దాని బందులకి నూనె లేదు. పోలీసు బూట్లు. తలలు వెనక్కి తిరుగుతాయి. మా అమ్మాయి ఆ గౌనులో, నేను మడిచి కుట్టిన ఆ గౌనులో, వేదిక మీద ఆగిపోతుంది, ఏ కాగితం అంటుంది, దానికి తెలియదు కదా, అప్పుడు అందరి కంటే ముందు నా వైపు చూస్తుంది. అక్కడితో నా ఊహ ఆగిపోతుంది. జైలు దాకా వెళ్ళగలను, వాకబు చేసే గది, ఇనప బల్ల, అన్నీ చూడగలను, అది నా వైపు చూసే చూపు దాటి మాత్రం ఒక్క అడుగు వేయలేకపోతున్నాను. ఒకవేళ ఎవరూ రాకపోతే, ఎవరూ ఎత్తి పట్టుకుని చూడకపోతే, అప్పుడూ ప్రతి ఆదివారం నేను నాలుగో వరసలో కూర్చోవాలి, అది నిజం గురించి చెప్తుంటే వినాలి, తలుపు వైపు చెవి పెట్టి. ఎన్నేళ్ళు.

పెట్టకపోతే. పెట్టకపోతే పెద్దాయనకి కోపం వస్తుంది, రానీ. కోపం వస్తే అమ్మాయి మీద చూపిస్తారా, చూపించరు, చూపించినా సరే, చూద్దాం, కింద దాకా వెళ్ళి చూద్దాం. ఏడాది ఇంటి భాగం మీద పన్ను పడుతుంది. అమ్మాయి దగ్గర అంత ఉండదు, చేతిలో పెట్టినదంతా సాయంత్రానికి ఇంకొకరి చేతిలో పెట్టే మనిషి. అద్దె ఆగుతుంది. తాళాలవాడే ఇంటి యజమాని మనిషి, పైకి వస్తాడు. ఇల్లు ఖాళీ చేయాలి. చేస్తే ఎక్కడికి పోతుంది, నా దగ్గరికి వస్తుంది. నావీ రెండు గదులే, ఒకదాని నిండా జనం సరిచేయమని ఇచ్చి మరిచిపోయిన బట్టలే. మిషను కిటికీ దగ్గరికి జరిపితే మంచం పడుతుంది. పుస్తకాలెక్కడ పెడుతుంది, పుస్తకాలు మంచం కింద పెడుతుంది. సంఘం తీసేస్తే? తీసేస్తే ఆ గౌను మడత విప్పి తిరిగి ఇచ్చేస్తాను, దారం తీయడానికి పూట పట్టదు. అది బళ్ళో పాఠాలు చెప్పుకుంటుంది, నేను మొదట కోరుకున్నది అదే. నేను పెళ్ళి బట్టల పనులు ఇంకో నాలుగు ఒప్పుకుంటాను, వాయిదాలు కడతాం. ఇంకా కిందికి. ఇంకా ఏముంది కింద. వెతికాను. నిజంగా వెతికాను, చీకటి గదిలో గోడ తడుముకుంటూ స్విచ్చు కోసం వెతికినట్టు వెతికాను, ఏమీ తగల్లేదు. నేల తగిలింది. ఎప్పుడూ లేనిది, భయం అడుగున నేల ఉంది, కాళ్ళు ఆనాయి. అక్కడ ఇద్దరం ఉన్నాం, నేనూ అదీ, కిటికీ దగ్గర మిషను, మంచం కింద పుస్తకాలు, వెనక తలుపు ఎవరు తీసినా తల తిప్పి చూడాల్సిన పని లేదు.

సంతకం పెట్టిన దారిలో ఇలాంటి నేల లేదు. అక్కడ ఎంత దిగినా ఇంకో మెట్టు ఉంది. ఇన్నేళ్ళూ నన్ను చూసి నవ్వినవాళ్ళెవరికీ తెలియదు గానీ, భయపడ్డం కూడా ఒక పనే, నాకు ఆ పని బాగా అలవాటు, అందుకే రెండు దార్లూ చివరి దాకా నడిచి చూసి వచ్చాను, ఈ బల్ల దగ్గర నుంచి లేవకుండానే. ఇక అడగాల్సిన వాళ్ళెవరూ లేరు.

"ఇప్పుడు తండ్రీ," అన్నారు పెద్దాయన. అసలు సంగతికి వచ్చారు. ఆగారు. ఆయన ఆగడం నేనెన్నడూ వినలేదు, ఓడల దగ్గర కూడా ఆగని మనిషి. "మా ఎదుట ఉన్న ఈ... ఈ విషయాన్ని... నీకు తెలిసిన ఈ విషయాన్ని నీ ముందు పెడుతున్నాం." ఎవరి కాలి నొప్పి ఏ వార్డులో ఉందో దేవుడికి విడమరిచి చెప్పే మనిషి, నీకు తెలిసిన ఈ విషయం అన్నారు. కాగితం అనలేదు. పన్ను అనలేదు. తేదీ అసలే అనలేదు. నీ దాసురాలి మేలు కోసం అన్నారు, మా బలహీనతను మన్నించు అన్నారు, మళ్ళీ ఆగారు. నేను కళ్ళు తెరిచాను. ప్రార్థనలో, అందరి మధ్యలో, తెరిచాను. ఆయన ముసలి చేతులు కాగితం దగ్గరికి వచ్చి గ్లాసు చుట్టూ ఆగి ఉన్నాయి, తాకీ తాకకుండా. నర్సమ్మ కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తోంది. ఎప్పటి నుంచి తెరిచి ఉన్నాయో.

"...ఈ మా మనవి ఆలకించుము, ఆమేన్."

టైర్లాయన ఆమేన్ అన్నాడు. నర్సమ్మ పెదవులు కదిలాయి, మాట బయటికి రాలేదు. నేను అనలేదు. నా వంతు ఆమేన్ గదిలో పడకుండా పోయేసరికి అక్కడ ఏదో లోటు తెలిసింది, టీలో చక్కెర లేనట్టు. పెద్దాయన నా వైపు చూశారు. పెన్ను తీసి మూత విప్పబోతూ ఆగారు.

"చెల్లెమ్మా?"

భయం పోలేదు, అది ఎక్కడికి పోతుంది. "నేను ఆమేన్ అనలేదండి," అన్నాను. "సంతకం కూడా పెట్టను."

"మీ అమ్మాయి కోసమే కదమ్మా ఇదంతా."

"అందుకేనండి. ఆ రోజు మనం ఆమేన్ అన్నాం, రాయలేదు. రాయలేదనే రాద్దాం. ఇవాళ్టి తేదీ వేసి ఇక ముందుకి రాద్దాం. మీరు చెప్పలేకపోయారు కదండీ ఇందాక, దేవుడికి. ఆఫీసువాళ్ళకి ఎలా చెప్తాం."

ఆ మాట అనకుండా ఉండాల్సిందేమో. పెద్దాయన పెన్ను కాగితం పక్కన పెట్టేశారు. టైర్లాయన గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, మరి అయిపోయిన నెలల పన్ను ఎవరు కడతారు? సంఘం దగ్గర ఏముందో మీకు తెలుసు."

"మేం కడతాం. వాయిదాల మీద. మీ దగ్గర టైర్లు వాయిదాల మీద ఇవ్వరా."

"ఇస్తాను," అన్నాడు, "మీకు మాత్రం ఇవ్వను, పంక్చరు పడుతుందని రోజుకి మూడుసార్లు ఫోన్ చేస్తారు." నర్సమ్మ నవ్వింది, నవ్వి వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పాస్టరమ్మకి ఎవరు చెప్తారు ఆంటీ?" అంది మెల్లగా.

"నేనే చెప్తాను. ఇవాళే. ఈ కాగితం సంగతి కూడా చెప్తాను."

ఫ్యాను తిరుగుతోంది, గ్లాసు కింద కాగితం అంచు లేచి పడుతోంది. అప్పుడు నా ఎడమ పక్క నుంచి, నిద్రలోంచి తేరుకుని, ఎప్పట్లాగే అందరూ అయిపోయాక, పియానో తాత గట్టిగా, నిండుగా, "ఆమేన్," అన్నాడు.

టైర్లాయన భుజాలు కదిలాయి. పెద్దాయన మొహం మీద ముందు ఏమీ లేదు, తరవాత మీసం కొస దగ్గర ఏదో కదిలింది, నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. తాత మా అందరినీ చూసి, అయిపోయిందా, టీ ఉందా, అన్నాడు.

లేచాను. లేవడమే కష్టమైంది. ఇన్నేళ్ళలో నా పిల్ల సంగతి మాట్లాడే గదిలోంచి నేను ఎప్పుడూ లేచి వెళ్ళలేదు, డాక్టరు గదైనా, బడి గదైనా, ఏదైనా. "దాని జీతం మాట కదండీ," అన్నాను, "నేను ఉండకూడదట. వెళ్ళినట్టు రాసుకోండి." తలుపు దగ్గర ఒక్క క్షణం నా మణికట్టు నేనే పట్టుకున్నాను, దారం వెతికినట్టు, పట్టుకుని వదిలేశాను. బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాను. పూర్తిగా వేశాను, సందు ఉంచలేదు.

వంటగదిలో స్టవ్ వెలిగించి నీళ్ళు పెట్టాను. చక్కెర సగం బల్ల మీద పడింది. లోపల మాటలు వినపడుతున్నాయి గానీ తెలియడం లేదు, పెద్దాయన గొంతు, తరవాత టైర్లాయన గొంతు, తరవాత ఎవరిదీ లేదు. వాళ్ళు ఒప్పుకోకపోతే రేపు గౌను తెచ్చుకుని మడత విప్పాలి, ఆ కుట్టుకి వాడిన గోరింటాకు రంగు దారం ఇంక దేనికి సరిపోతుందో ఆలోచిస్తున్నాను. నీళ్ళు మరుగుతున్న చప్పుడు మొదలయింది, వినపడదేమోనని మంట తగ్గించాను. కాగితం నలిగిన చప్పుడు. ఒక్కటే కాగితం, నింపాదిగా నలిగింది. తరవాత కుర్చీ జరిగింది, పెన్ను మూత తీసినట్టు చిన్న టక్కు.

"నర్సమ్మా," అన్నారు పెద్దాయన, అలిసిపోయిన గొంతుతో, "ఇవాళ తేదీ ఎంత?"